ముడి విప్పేముందు

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు ప్రయోగశాల వదిలి పాత హత్య కేసుల విభాగానికి మారుతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. "నువ్వే వద్దని చెప్పు అన్నయ్యా, నీ మాటయితే వింటుంది" అంది. సరేనన్నాను. ఫోను పెట్టేశాక గంటసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. సాక్ష్యాల పొట్లాలు దాచిన ఆ పాత గదుల తాళాలు మళ్ళీ మన ఇంటి మనిషి చేతికి వస్తున్నాయన్న గర్వం ఒక పక్క, ముడి కనబడితే పళ్ళతో కొరికే పిల్లవన్న బెంగ ఇంకో పక్క. ఉత్తరం రాసి నచ్చజెప్పానని మీ అమ్మకు చెబుతాను. ఏమని నచ్చజెప్పానో మాత్రం చెప్పను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. ప్రతి పొట్లానికీ కొత్త చేతి తొడుగులు వేసుకో. తడి బట్టను ఆరబెట్టి కాగితపు కవరులోనే పెట్టు, ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు కుళ్ళిపోయి డీఎన్‌ఏ మిగలదు. మరక మొత్తం ఒకేసారి ఖర్చు చేయకు, నీ తరువాత వచ్చేవాళ్ళ దగ్గర నీకు లేని యంత్రం ఉండవచ్చు.

యంత్రం దగ్గరికి పరుగెత్తకు. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. పాత కేసు ప్రయోగశాలలో తేలుతుందని మీ వయసువాళ్ళ నమ్మకం. సగం కేసులు అక్కడి దాకా వెళ్ళనే వెళ్ళవు, పొట్లం ఎక్కడుందో తెలియక ఆగిపోతాయి. ముందు రిజిస్టరు తీసి చదువు. సీలు ఎవరు వేశారు, ఎవరు తెరిచారు, తెరిచి మళ్ళీ ఎన్ని రోజులకు మూశారు, చూడు. సిరా రంగు మారిన చోట ఆగు. శవపరీక్ష జరిగిన ఆసుపత్రికి వెళ్ళి సూక్ష్మదర్శిని కింద చూసిన పాత గాజు పలకలు ఏమైనా మిగిలాయా అని అడుగు. కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ మందులో ఏళ్ళ తరబడి నానిన కండలో డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. ఎవరూ పట్టించుకోని పలక మీద ఎండిపోయిన పలుచని పొర ఒక్కోసారి దానికంటే ఎక్కువ చెబుతుంది. పలకలు లేవని మొదటి గుమాస్తా అంటాడు. రెండో గుమాస్తాను అడుగు.

మా రోజుల్లో రక్తపు మరక అంటే రక్తం గ్రూపు, అంతే. ఓ గ్రూపు అని తేలిందని ఎగిరి గంతులు వేసేవాళ్ళం. జనంలో మూడో వంతుకు పైగా అదే గ్రూపని గుర్తుకొచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మీకు ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లో వంతు, డీఎన్‌ఏ చాలు, అంతకంటే తక్కువైనా చాలు. నానోగ్రాములో వెయ్యో వంతు పికోగ్రాము. ఒక్కో కణంలో ఉండేది ఆరున్నర పికోగ్రాములు కాబట్టి, నానోగ్రాము అంటే దాదాపు 150 కణాలు. ఈ లెక్క చెప్పేటప్పుడు నీ ముఖం వెలిగిపోతుంది, చూశాను. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. 150 కణాలు హంతకుడే వదలాలని ఏముంది?

తాడు సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకూ తెలియదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక యువతిని తాడుతో మెడ బిగించి చంపారు. శవపరీక్ష చేసిన డాక్టరు ఆ తాడును ముడికి ఎదురుగా కోసి, కోసిన కొసలు రెండింటినీ దారంతో కట్టి, ముడి కదలకుండా నా చేతికి ఇచ్చాడు. అంత జాగ్రత్త ఎందుకో నాకు తెలియదు, అడగనూ లేదు. ఆఫీసుకు వచ్చాక పైఅధికారి "తాడు ఎంత పొడవయ్యా?" అన్నాడు. ముడి ఉండగా ఎలా కొలుస్తాం? నైలాను తాడు, బిగుసుకుపోయి ఉంది. బొటనవేలు, చూపుడువేలు నాలుకకు అద్దుకుని, గోటితో కొద్దికొద్దిగా సడలిస్తూ విప్పాను. పేజీ తిప్పాలన్నా, నోట్లు లెక్కపెట్టాలన్నా ముందు వేలు నాలుక మీదికి పోయే అలవాటు నాది. చుట్టూ చేరినవాళ్ళు "భలే విప్పావు" అన్నారు. కొలిచాను, అంకె రాశాను. ఆ తరువాత, విప్పినట్టు కనబడితే బాగుండదనిపించి, మళ్ళీ ముడి వేశాను. నాకు వచ్చిన ముడి. నివేదికలో పొడవు ఉంది. విప్పినట్టు లేదు.

ఆ అమ్మాయి తండ్రి ఏటా అదే తేదీన వచ్చేవాడు. బెంచీ చివర కూర్చుని, నా పని అయ్యేదాకా ఆగి, "ఏమైనా తెలిసిందా బాబూ?" అనేవాడు. లేదంటే లేచి వెళ్ళిపోయేవాడు. ఇరవై రెండేళ్ళు.

అప్పటికి డీఎన్‌ఏ వచ్చింది, చేతి స్పర్శతో అంటిన కణాల నుంచి కూడా తీయగలిగే రోజులు వచ్చాయి. తాడును ప్రయోగశాలకు పంపారు. బయటి భాగం మీద ఎంతమంది చేతులు పడినా, ముడి లోపలి మడత మాత్రం ముడి వేసినవాడి చేతిని దాచుకుంటుందని వాళ్ళ లెక్క. మంచి లెక్క. మడత లోపల ఒకే మగవాడి డీఎన్‌ఏ, తేటగా దొరికింది. ఆఫీసంతా ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. "ముడి లోపల" అన్న మాట చెవిన పడగానే నా నాలుక మీద నైలాను రుచి తగిలింది, ఒట్టు.

చెప్పవలసింది ఆ క్షణంలోనే. పదకొండు రోజులు చెప్పలేదు. నాది కాకపోవచ్చులే అనుకున్నాను. రుజువైనప్పుడు చూద్దాం అనుకున్నాను. పదవీ విరమణ దగ్గర పడింది, పింఛను ఏమవుతుందో అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు. ఆ పదకొండు రోజుల్లో పాత అనుమానితుల జాబితా దుమ్ము దులిపారు. ఒకతన్ని ఇంటి దగ్గర నుంచి తీసుకొచ్చారు. యువకుడిగా ఉన్నప్పుడు వారం రోజులు మా దగ్గర కూర్చోబెట్టి వదిలేసినవాడే. ఇప్పుడు జుట్టు నెరిసింది, వెంట కొడుకు వచ్చాడు. గుమ్మంలో నన్ను గుర్తుపట్టి, "మళ్ళీనా?" అన్నాడు. అంతే అన్నాడు.

పన్నెండో రోజు నేను వాంగ్మూలం రాసిచ్చి, బుగ్గ లోపలి నుంచి నమూనా ఇచ్చాను. ముడిలో ఉన్నది నేనే. నా కింద ఇంకెవరిదో లీలగా ఉందట, చదవడానికి అందనంత లీలగా. ఆ మనిషిని నేనే తుడిచేశాను. సంగతి చెప్పడానికి తండ్రి దగ్గరికి నేనే వెళ్ళాను. అంతా విని, "కొలిస్తే ఏం తెలిసింది బాబూ?" అని అడిగాడు. ఏమీ తెలియలేదన్నాను.

నీకు ఆరేళ్ళప్పుడు, బూటు లేసు చిక్కుపడితే పళ్ళతో కొరుకుతున్నావని వీపు మీద ఒక్కటి వేశాను, గుర్తుందా? మీ అమ్మ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అది ఆ ఏడాదే. ఆ మరునాడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోళ్ళతో, ఓపిగ్గా ముడి విప్పడం నేర్పాను. నువ్వు వెక్కుతూనే నేర్చుకున్నావు.

నన్ను నేను ఓదార్చుకోవాలనిపించినప్పుడు జర్మనీ కేసు తలుచుకుంటాను. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసును కాల్చి చంపారు. కారు మీద ఎవరో స్త్రీ డీఎన్‌ఏ దొరికింది. అదే స్త్రీ జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ ఫ్రాన్స్‌లోనూ కలిపి దాదాపు నలభై నేరాల దగ్గర కనబడింది. 2009లో తేలిందేమిటంటే, నమూనాలు తీసే దూది పుల్లల్ని తయారుచేసే చోట పనిచేసే మనిషి డీఎన్‌ఏ అది. చంపిన ముఠా 2011లో వేరే దారిలో బయటపడింది. పొట్లం మీద స్టెరైల్ అని ఉంటే సూక్ష్మజీవులు చచ్చాయని మాత్రమే అర్థం, డీఎన్‌ఏ ఎక్కడికీ పోదు. నువ్వు వాడే పుల్లల మీద డీఎన్‌ఏ కూడా లేదన్న ముద్ర ఉందో లేదో నీ కళ్ళతో చూడు, సరుకు తెప్పించినవాళ్ళ మాట వినకు.

ఆ నెరిసిన జుట్టు మనిషి కోసం ఇంగ్లండులోని లెస్టర్ కేసు చదువు. అక్కడి శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో, మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ ముద్రలు కనిపెట్టాడు. ఇద్దరు అమ్మాయిల హత్య కేసులో పోలీసులు దాన్ని మొదటిసారి వాడినప్పుడు, తేలిన మొదటి సంగతి పట్టుబడిన పదిహేడేళ్ళ కుర్రాడు నిర్దోషి అని. రెండింటిలో ఒక హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు కూడా, పాపం! అసలువాడు తన బదులు ఇంకొకడి చేత రక్తం ఇప్పించి కొన్నాళ్ళు తప్పించుకున్నాడు, 1988లో శిక్ష పడింది. కొత్త ఫలితం చేతికి రాగానే దోషి ఎవరో వెతకడానికి ముందు, పాత జాబితాలో ఎవరి పేరు కొట్టేయవచ్చో చూసి, ఆ ఇంటికి ఆ రోజే కబురు చేయి.

వంశవృక్షాల పద్ధతి మీద నీకు మోజెక్కువని తెలుసు. 2018లో కాలిఫోర్నియాలో దూరపు బంధువుల డీఎన్‌ఏ పట్టుకుని పాత పోలీసు ఉద్యోగిని, డెబ్బై రెండేళ్ళవాణ్ణి పట్టుకున్నారు కదా. గొప్ప పనే. వృక్షం ఇంటి గుమ్మం దాకా తీసుకెళుతుంది, ఆ ఇంట్లో అన్నా తమ్ముడా అన్నది చెప్పదు. అక్కడ వాళ్ళూ అతను పారేసిన వస్తువుల మీది డీఎన్‌ఏను సరిపోల్చి చూశాకే అరెస్టు చేశారు. తలుపు తట్టిన ప్రతి బంధువూ ఆ రాత్రి నిద్రపోడని గుర్తుంచుకో.

నువ్వూ నిద్రపో. కాగితాలు ఇంటికి తెచ్చుకోకు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు "దొరుకుతాడు" అనకు. ఏం చేశావో, ఎప్పుడు చేశావో చెప్పు, చాలు. చెయ్యి జారినా, తుమ్మినా, తొడుగు చిరిగినా ఆ నిమిషమే నోటు పుస్తకంలో రాయి. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

ఇంకొక్క పని. తాడు కేసులో నేనిచ్చిన నమూనాను నిబంధన ప్రకారం తరువాత నాశనం చేశారు. మీరు తెరవబోయే గదిలో నా చేతి సీలు ఉన్న పొట్లాలు ఎన్నో నాకే తెలియదు, వాటిలో ఎన్నిటికి నాలుక తడి అంటిందో అసలే తెలియదు. ఈ కవరు అంచును కావాలనే నాలుకతో తడిపి అంటించాను. అది చెల్లదని నాకు తెలుసు, సాక్షి కావాలి, సంతకం కావాలి. అందుకే వచ్చే ఆదివారం ఫారాలు, పుల్లలు తీసుకుని రా. మీ అమ్మను కూడా వెంటబెట్టుకు రా. సాక్షి సంతకం తను పెడుతుంది, ఎందుకని అడుగుతుంది, అప్పుడు చెబుతాను.

నీ మామయ్య