పెట్ డైరీ: గిన్నెలో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

ప్రశ్న: ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉన్నాయి. పిల్లి మూడు నెలలుగా కుక్క డ్రై ఫుడ్డే తింటోంది. హుషారుగానే ఉంది. దానికి విడిగా కొనాలా?

కొనాలండీ, ఆలస్యం చేయకండి. హుషారుగా ఉంది కదా అని ధీమాగా ఉండడానికి లేదు. కుక్క తిండితో పిల్లికి వచ్చే పోషక లోపం బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి. టారిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం మామూలుగా తానే తయారు చేసుకుంటుంది. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ, తిండిలోంచే అందాలి. అందకపోతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో తేలాకే పిల్లుల ఆహారంలో దాని మోతాదు పెంచారు. త్వరగా గుర్తిస్తే గుండె చాలావరకు కోలుకుంటుంది కానీ పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఒకసారి డాక్టరుతో గుండె, కళ్లు పరీక్ష చేయించండి.

విటమిన్ ఎ సంగతీ అంతే. కూరగాయల్లోని బీటా కెరోటిన్‌ను కుక్క విటమిన్ ఎగా మార్చుకుంటుంది, పిల్లికి అది చేతకాదు. ప్రొటీన్ అవసరమూ పిల్లికే ఎక్కువ. పెంపుడు జంతువుల ఆహారానికి కొలతలు నిర్ణయించే అమెరికా సంస్థ ఆఫ్కో ప్రమాణాల్లో పొడి పదార్థం లెక్కన, అంటే తేమ తీసేసి చూస్తే, ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం ఉంటే చాలు, ఎదిగిన పిల్లికి 26 శాతం ఉండాలి.

పిల్లి గిన్నెను కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. కుక్క గిన్నెను 20 నిమిషాల తర్వాత తీసేయండి. రోజంతా నిండుగా ఉంచితే పిల్లి మళ్లీ అక్కడికే చేరుతుంది.

ప్రశ్న: మాది పెద్ద జాతి కుక్కపిల్ల, వయసు నాలుగు నెలలు. ఎముకలు గట్టిపడాలని పప్పీ ఫుడ్‌తో పాటు కాల్షియం పొడి కలుపుతున్నాం. మంచిదేనా?

ఆ పొడి ఈరోజే ఆపేయండి. ఎదిగిన కుక్క పేగులు అవసరానికి మించిన కాల్షియంను చాలావరకు లోపలికి రానివ్వవు. ఈ వయసు పిల్లలో ఆ అదుపు ఇంకా సరిగ్గా ఏర్పడదు, వేసినదాంట్లో చాలా భాగం ఒంటికి పట్టేస్తుంది. దాంతో మృదులాస్థి ఎముకగా మారే క్రమం దెబ్బతిని కాళ్లు వంకర పోవచ్చు, కీళ్లు పాడవుతాయి. పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకు ఆహారంలో, తేమ తీసేసిన లెక్కన, కాల్షియం 1.2 నుంచి 1.8 శాతం మధ్య ఉండాలి. 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని రాసిన కంప్లీట్ ఫుడ్‌లో (అన్ని పోషకాలూ సరిపడా ఉన్న ఆహారంలో) ఆ లెక్క ముందే కుదిర్చి ఉంటుంది.

మాంసం, అన్నం మాత్రమే వండిపెట్టే ఇళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. రక్తంలో తగ్గిన కాల్షియంను శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది, చివరికి చిన్న గెంతుకే కాలు విరుగుతుంది. ఇంట్లోనే వండాలనుకుంటే పశువైద్యుడు లెక్కగట్టి ఇచ్చిన కొలతలతోనే వండండి. ఒక్క దినుసు మార్చాలన్నా అడిగి మార్చండి.

ప్రశ్న: టిన్ ఫుడ్ మీద ప్రొటీన్ 10 శాతం అని, డ్రై ఫుడ్ మీద 26 శాతం అని ఉంది. డ్రై ఫుడ్డే బలమైనదా?

ఆ రెండు అంకెలను అలా పక్కపక్కన పెట్టి చూడకూడదు. టిన్నులో ఎక్కువ భాగం నీళ్లే. తేమ 78 శాతం అనుకుంటే మిగిలిన పొడి పదార్థం 22. ప్రొటీన్ 10ని 22తో భాగించి 100తో గుణిస్తే 45 శాతం వస్తుంది. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం అయితే 26ను 90తో భాగించాలి, అప్పుడు వచ్చేది 29 శాతమే. నీళ్లు తక్కువ తాగే పిల్లులకు టిన్నులోని తేమ అదనపు మేలు.

ప్రొటీన్ కంటే ముందు చూడాల్సింది 'కంప్లీట్' అన్న మాట, అది ఏ వయసుకన్న వివరం. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పైపైన పెట్టేది, రోజూ దాని మీదే పెంచకూడదు.

ప్రశ్న: మా కుక్క 10 కిలోలు ఉండాల్సింది 13 అయింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ప్యాకెట్ మీద ఉన్న కొలత ప్రకారమే పెడుతున్నాం.

ప్యాకెట్ కొలత సగటు కుక్కకు రాసింది. ఆపరేషన్ తర్వాత అవసరం తగ్గుతుంది. లెక్క మీరే వేసుకోవచ్చు. ఉండాల్సిన బరువును మూడుసార్లు వేసి గుణించండి: 10×10×10 అంటే 1000. దానికి రెండుసార్లు వర్గమూలం తీస్తే 5.62. దాన్ని 70తో గుణిస్తే రోజుకు దాదాపు 394 కిలో కేలరీలు. తగ్గించడానికి ఇక్కడ మొదలుపెట్టండి. బరువు దారికి వచ్చాక దీనికి 1.6 రెట్ల వరకు పెంచవచ్చు, అంటే 630.

కిలోకు 3500 కిలో కేలరీలున్న ఆహారమైతే 394 అంటే 112 గ్రాములు. బిస్కెట్ల లాంటి చిరుతిళ్లు ఇందులో పదో వంతు మించకూడదు. అవి పెడితే అసలు తిండి 100 గ్రాములకు దించండి. కప్పుతో కొలవకండి, ప్రతిసారీ కొంత ఎక్కువే పడుతుంది. వంటింటి కాటాయే మేలు. వారానికి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే సరైన దారిలో ఉన్నట్టు. పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే, నొక్కకుండానే ఒక్కొక్కటీ వేళ్లకు తెలియాలి. తిండి తగ్గించినా బరువు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ప్రశ్న: కొత్త బ్రాండ్‌కు మారిన మర్నాడే విరేచనాలు. అది పడలేదనుకోవాలా?

ఒక్కసారిగా మార్చినందుకు అయి ఉండొచ్చు. రెండు రోజులు పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు కలపండి. తర్వాత రెండు రోజులు సగం సగం, ఆపై రెండు రోజులు కొత్తది మూడు వంతులు, ఏడో రోజుకి పూర్తిగా కొత్తది. విరేచనాలు తగ్గాకే మొదలుపెట్టాలి. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా ఆహారం సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పిల్లి విషయంలో ఇంకో జాగ్రత్త. కొత్తది తినకపోతే ఆకలేసినప్పుడు అదే తింటుందిలే అని వదిలేయకండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత ఆహారమే పెట్టండి. అదీ తినకపోతే ఆ రోజే చూపించండి.