సేవ అనే మాట రాసే ముందు

అమ్మాయీ,

నీ వ్యాసం ‘నాలుగు తరాల సేవ’ రెండుసార్లు చదివాను. మీ ఊరి శ్మశానాన్ని చూసుకుంటున్న కుటుంబం గురించి రాయాలని నీకు అనిపించిందే, అందుకు ముందు సంతోషించాను. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక ఉత్తరం రాస్తున్నాను.

మొదటి పేజీ అంతా హరిశ్చంద్రుడే. వీరబాహు, కాటిసుంకం, జాషువా గారి శ్మశాన పద్యాలు అన్నీ తెచ్చావు. నేను పల్నాడు వాణ్ని. జాషువా గారు పుట్టిన వినుకొండ మాకు దగ్గరే. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు ఆ పద్యాలకు రాగం తీస్తుంటే నిద్రమత్తు వదిలించుకుని విన్న పిల్లవాణ్ని నేను. అవంటే నాకు ప్రాణం. అయినా నీ వ్యాసంలోంచి తీసెయ్యమంటున్నాను. ఆ నాటకంలో కాటి దగ్గర నిలబడింది ఒక రాజు. కష్టాలు తీరాక ఆయన రాజ్యం ఆయనకు వచ్చేసింది. నువ్వు రాస్తున్న మనిషికి తిరిగి రావాల్సిన రాజ్యం ఏముంది? రాజు కోసం ఏడ్చిన ఏడుపును ఈయన ఖాతాలో వెయ్యకు.

నేనూ ఈ తప్పే చేశాను. నా తొలి కథల్లో ఒకటి మా ఊరి కాటికాపరి మీద. ఎర్రటి కళ్లు, సారా వాసన, బొంగురు గొంతు, లోపల మాత్రం వెన్నలాంటి మనసు. కథకు మంచి పేరే వచ్చింది. ఆయన కొడుకు పదో తరగతి పాసైన కుర్రాడు. పత్రిక ఎక్కడో దొరికితే చదివాడట. బస్టాండులో కనబడి, “మా నాయన తాగడండి” అన్నాడు. ఇంకో మాట అనలేదు, బస్సెక్కి వెళ్లిపోయాడు. అప్పటికి నేను వాళ్ల నాన్నతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు.

తర్వాత వెళ్లి కూర్చున్నాను. పని అప్పుడు చూశాను. వేసవిలో మా రేగడి నేల పగుళ్లిచ్చి రాయిలా ఉంటుంది. గడ్డపార దిగాలంటే ముందు రాత్రే బిందెలతో నీళ్లు పోసి నానబెట్టాలి. వానాకాలంలో తవ్వుతుండగానే గోడలు జారతాయి, అడుగున నీళ్లు ఊరతాయి. శవం వచ్చేదాకా బకెట్‌తో తోడుతూనే ఉండాలి. పాత ఎముక తగిలితే ఆయన పార పక్కన పెట్టి చేత్తో తీసేవాడు. కొత్త గొయ్యి అడుగునే ఒక మూల దాన్ని మళ్లీ పూడ్చేవాడు. కాష్టమైతే మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె. కింద లావు మొద్దులు, మధ్యలో గాలాడే సందు, గుండెల మీద ఒక బరువైన దుంగ. మనం కొరివి పెట్టి, కుండ పగలగొట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. నడుం భాగం త్వరగా కాలదు. అది కాలేదాకా వెదురు కర్రతో కట్టె ఎగదోస్తూ ఆ సెగలో నిలబడేది ఆయనే. మనం చూడకుండా వచ్చేసిన ఆ గంటలు నీ వ్యాసంలో లేవు. అవి కావాలి నాకు.

ఆడపిల్ల శ్మశానంలోకి వెళ్లకూడదని ఇంట్లో అన్నారనీ, ప్రహరీ బయటే నిలబడి మాట్లాడావనీ రాశావు. మరి ఆయన భార్య? బూడిద ఎత్తేది, ముళ్లకంప కొట్టేది ఆమె కూడా కదా. మీ ఇంటి ఆచారం ఆమెకు ఎందుకు లేదో ఎవరినైనా అడిగావా? నీ వ్యాసంలో ఆమె ఒక్కసారే కనిపించింది, టీ పట్టుకొచ్చినప్పుడు. ఆ టీ నువ్వు తాగావా? తాగినా, తాగకపోయినా అది రాయి.

నా సంగతి ఒకటి చెబుతాను. మా చెల్లెలు నెలల పిల్లగా పోయింది. పసిపిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. రాయి పెట్టరు, పేరు రాయరు. ముప్పై ఏళ్ల తర్వాత మా అమ్మ మంచాన పడి, ఆ చోటు ఎక్కడరా అని అడిగింది. నాన్న లేడు. మాకెవరికీ తెలియదు. కాటికాపరి భార్యే నన్ను వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కణ్నుంచి వాగు వైపు ఏడు అడుగులు వేసి ఆగి, “ఇక్కడ బాబూ. పచ్చ గుడ్డలో చుట్టి తెచ్చారు” అంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ కళ్లు మూసుకుని, “నా చీరే. చింపి ఇచ్చాను” అంది. ఇంతటి మనిషి నా కథలో లేనే లేదు.

ఇక ‘సేవ’ అన్న మాట. ఇష్టపడి చేస్తే సేవ. పుట్టుకతో మెడకు పడిన పనికి ఆ పేరు పెడితే ఊరి బాకీ మాఫీ అయిపోతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్ తీసి చూడు. మరణం సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాల్సిన వాళ్లలో శ్మశానం కాపరి కూడా ఉన్నాడు. బాధ్యత పెట్టేటప్పుడు చట్టానికి ఆయన గుర్తొచ్చాడు. మరి మీ పంచాయతీ జీతాల లెక్కలో ఉన్నాడా? వెళ్లి కనుక్కో. శవానికి ఎంతిస్తారు, బేరమాడేది ఎవరు, నాలుగు తరాల్లో ఒక్కరైనా వేరే పని అడిగారా, అడిగితే ఊరు ఏమంది? ఏ కులమో దాచకుండా రాయి. అటు తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలనే పేరుతో శ్మశానవాటికలు కట్టారు, మంచి పనే. అక్కడికెళ్లినా నేను అడిగేది కాపరికి ఏం దక్కిందనే. ఒకవేళ ఆయన గర్వంగానే చెబితే ఆ గర్వమూ రాయి, తగ్గించకు.

చివరి వాక్యం మాత్రం కొట్టెయ్. “ఐదో తరం కూడా ఈ సేవను కొనసాగించాలని కోరుకుందాం” అన్నావు. వాళ్లమ్మాయి నర్సింగ్ చదువుతోందని మూడో పేజీలో నువ్వే రాశావు కదమ్మా!

తిరగరాశాక పత్రికకు పంపేముందు వాళ్ల గుమ్మంలో కూర్చుని చదివి వినిపించు. ఒక్కదానివే వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే వచ్చే ఆదివారం నేను బస్సులో వస్తాను. ప్రహరీ దాటి లోపలికే వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు