మనోడు ఎప్పుడయ్యాడు?

పాలకొల్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందిందమ్మా. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "ప్రో కబడ్డీ లీగ్‌లో ఆటగాళ్ళ వేలం వస్తే మనవైపు జనం ఎంత టెన్షన్ పడతారో రాశాను మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు. అలాగే చెబుతాను.

మొదటి పేజీలో మీ చిన్నాన్న ఉన్నాడు చూడు, అది చాలా బాగుంది. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల హోరులో మాట వినపడక, ఫోన్ ఒక చెవికి అదిమిపెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని వేలం విన్నాడని రాశావు. చదువుతున్నంతసేపూ నేనూ ఆ గట్టు మీదే నిలబడ్డాను. రెండో పేజీ తిప్పేసరికి చిన్నాన్న లేడు. ఆటగాళ్ళ పేర్లు, వాటికెదురుగా ధరలు. షాద్లూయిని గుజరాత్ 2.23 కోట్లకి తీసుకుంది, దేవాంక్ దలాల్‌ని బెంగాల్ 2.205 కోట్లకి తీసుకుంది, ఇలాగే మూడు పేజీలు. ఆ లెక్కల్లో తప్పు లేదు. కానీ అవి ఫోన్ ఉన్న ప్రతివాళ్ళకీ దొరుకుతాయి. ఆ గట్టు మీది హోరు నువ్వు రాస్తే తప్ప ఎవరికీ వినపడదు.

ఇక ఆఖరి పేజీ. "ఎక్కడెక్కడివాళ్ళో ఎవరెవరికో అమ్ముడుపోతే మనవాళ్ళకెందుకీ పిచ్చి?" అని అడిగి ముగించేశావు. అమ్మాయ్, నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ. మన తెలుగు టైటాన్స్ జట్టుకి ఆడినవాళ్ళనే చూడు. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్. సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. ముగ్గురిలో ఒక్కడూ గోదారి నీళ్ళు తాగి పెరిగినవాడు కాదు. అయినా మన రేవుల్లో, కాకా హోటళ్ళలో ముగ్గుర్నీ "మనోడు" అన్నారు. ఆ మాట వెంటపడు. ఎక్కడినుంచో వచ్చినవాడు ఏ రోజున మనోడయ్యాడు, ఏ రోజున కాకుండా పోయాడు? పిచ్చి అని ఒక్క మాట అనేస్తే ఇదంతా కనపడకుండా పోతుంది. వాళ్ళది పిచ్చి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

2014లో లీగ్ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్‌కి సొంతగడ్డ వైజాగ్. అప్పట్నించి ఆరు సీజన్లు రాహుల్ మన జట్టులోనే ఉన్నాడు. 2019 వేలంలో 94 లక్షలకి తమిళ్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. అదే వేలంలో మనవాళ్ళు 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. అప్పుడు మా వీధి పిల్లాడొకడి దగ్గర వీపు మీద రాహుల్ పేరు రాయించుకున్న చొక్కా ఉండేది. వేసుకోడు, పారెయ్యనివ్వడు. వాళ్ళమ్మ దాన్ని పొయ్యి దగ్గర మసిగుడ్డ చెయ్యబోతే అన్నం మానేసి కూర్చున్నాడు. నేను ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎందుకు రాయలేదో కూడా చెబుతాను. కుర్రతనంలో ఒక పత్రికకి ఊళ్ళ పోటీల గురించి కథనం పంపాను. ఓడిపోయిన ఊరివాళ్ళు రాత్రి లాంచీలో ఎవరూ ఎవరితో మాట్లాడకుండా వెళ్ళడం గురించి ఒక పేజీ రాశాను. అదంతా కోసేసి స్కోరు ఒక్కటే వేశారు. అదే పద్ధతి కాబోలు అనుకుని ఏళ్ళ తరబడి స్కోర్లే రాశాను. ఆ ఏళ్ళలో చూసిన మనుషులెవరూ నా కాగితాల్లో లేరు. నీకలా జరగకూడదు.

2025 వేలం మే 31న మొదలైంది. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. నేను అంబాజీపేట దగ్గర మా చుట్టాల తోటలో ఉన్నాను. నీడలో కొబ్బరికాయల రాశి, దాని పక్కన నలుగురు కాయలు ఒలుస్తున్నారు. గునపం నేలలో పాతి ఉంటుంది, కాయని మొనకి గుచ్చి మెలితిప్పితే డొక్క ఊడి వస్తుంది, నువ్వు చూసే ఉంటావు. రాశి మీద ఒక కాయకి ఆనించి ఫోన్ నిలబెట్టారు. అందరిలోకీ పెద్దాయన, అరవై దాటినాయన, ఫోన్ వైపు చూడనే చూడడు. పని చేసుకుంటూ వింటున్నాడు.

పవన్ పేరు వచ్చింది. ఆయన గుచ్చిన కాయ గుచ్చినట్టే ఆపేశాడు. చేతులు కాయ మీదే ఉన్నాయి. వేలంపాట యాభై లక్షలు దాటింది, 59 లక్షల 50 వేల దగ్గర తమిళ్ తలైవాస్ పేరు మీద ఆగింది. "ఇప్పుడు మనోళ్ళు అడుగుతారు చూడండి" అన్నాడు కుర్రాడొకడు. ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక నిబంధన ఉంది కదా, పాట అయిపోయాక పాత జట్టు అదే ధర తాను ఇస్తానంటే ఆటగాణ్ణి నిలబెట్టుకోవచ్చు. 2024లో టైటాన్స్ 1.725 కోట్లకి పవన్‌ని నిలబెట్టుకున్నది దాంతోనే. ఈసారి అడగలేదు.

పెద్దాయన కాయని తిప్పాడు. డొక్క ఊడి పడింది. "చెరువు పాట లాంటిదేరా, ఆఖర్న పాడుకున్నోడిదే చేప" అన్నాడు. ఇంకో నాలుగు కాయలు ఒలిచాక, ఎవరూ అడక్కుండానే, "మోకాలు పోయినప్పుడు కూడా ఆళ్ళకాడే పోయింది" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2022లో తలైవాస్ పవన్‌ని 2.26 కోట్లకి తీసుకుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా ఆడలేకపోయాడు. అప్పటికి పవన్ మన జట్టువాడు కానే కాదు. ఆ మరుసటి ఏడు, 2023 వేలంలో టైటాన్స్ 2.605 కోట్లకి తెచ్చుకుంది, లీగ్‌లో అప్పటికి అదే అత్యధిక ధర. అయినా ఆ పెద్దాయన ధర ఎత్తలేదు. దూరంగా ఉన్న కొడుక్కి దెబ్బ తగిలితే, పక్కన మనవాళ్ళెవరూ లేరే అని బాధపడినట్టు ఆ మోకాలు గుర్తుపెట్టుకున్నాడు. నీ మూడు పేజీల ధరల్లో ఈ ఒక్క వాక్యానికి తూగేది నాకు కనపడలేదమ్మా.

ధరలు అక్కర్లేదని చెప్పడం లేదు. తెలుసుకుని తీరాలి, కానీ చూసినవాడి నోటితో చెప్పించు. ఆ 2023 వేలంలో ఒక్కో జట్టుకి 5 కోట్ల పర్సు, అంటే ఆటగాళ్ళ మీద పెట్టుకోడానికి ఉన్న మొత్తం డబ్బు. అందులో సగానికి పైగా ఒక్కడికే పోయింది. ఆ సీజన్లో పవన్ 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చినా, జట్టు గెలిచింది 22 మ్యాచ్‌లలో రెండే. వరుసగా మూడో ఏడు అట్టడుగున నిలిచాం. దీన్ని నువ్వు "ఆర్థిక అసమతుల్యత" అని రాశావు. మీ చిన్నాన్నని అడుగు, లీజుకే డబ్బంతా పోసేస్తే మేతకేం మిగులుతుంది అంటాడు. అదే రాయి. నాకైతే అనిపిస్తుంది, పవన్ మనోడయింది కూడా ఆ ఓడిపోయిన మ్యాచ్‌లలోనే. రాత్రి తర్వాత రాత్రి ఓడిపోతున్నా మళ్ళీ కూతకెళ్ళే మనిషిని చూస్తూ కూర్చున్నవాళ్ళకి ఆ మాట దానంతటదే వచ్చి ఉంటుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. "ఫ్రాంచైజీ సదరు క్రీడాకారుణ్ణి భారీ మొత్తానికి కైవసం చేసుకుంది" అని రాశావు. మనవైపు ఎవరైనా అలా మాట్లాడగా విన్నావా? చెరువు పాట, రేవు పాట, కొబ్బరితోట పాట వింటూ పెరిగిన జనం మనం. "పవన్ని తమిళోళ్ళు పాడేసుకున్నారు" అంటారు. అందుకే వేలంలో లోతుపాతులు వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. అవతలి జట్టు కావాలనే పాట పెంచి పర్సు ఖాళీ చేయిస్తోందని పంచాయతీ చెరువు పాట చూసినవాడు ఇట్టే పట్టేస్తాడు. అంత మంచి మాట చేతిలో పెట్టుకుని కైవసం దగ్గరికి వెళ్ళకు. నీ కాగితంలో నేను పెన్సిల్‌తో ఎక్కువగా కొట్టేసినవి ఇలాంటి వాక్యాలే.

సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి ఒక పని చెయ్యి. మీ చుట్టుపక్కల కబడ్డీ పోటీలు జరిగే చోట ముందు వరసలో కూర్చుని చూడు. టీవీలో 30 సెకన్ల రైడ్ చిన్నదిగా కనపడుతుంది. దగ్గర్నుంచి చూస్తే కూతకెళ్ళినవాడి ఊపిరి, మడమ దొరకబుచ్చుకునే చెయ్యి, చేతులు గొలుసులా పట్టుకుని కమ్ముకొచ్చే ఇద్దరూ కనపడతారు. పవన్ ధర ఎందుకంత పలికిందో అక్కడ కొంత తెలుస్తుంది.

ఆఖరుగా, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి ఒకటుంది. ఏడేళ్ళ తర్వాత లీగ్ మళ్ళీ వైజాగ్ వచ్చింది. 2025 ఆగస్టు 29న మొదటి మ్యాచే టైటాన్స్‌కీ తలైవాస్‌కీ. మీ చిన్నాన్న చెరువు పనివాళ్ళకి అప్పజెప్పి వెళ్ళి చూసొచ్చాడనీ, 38-35తో మనవాళ్ళు ఓడిపోయారనీ రాసి వదిలేశావు. ఆ రోజు పవన్ అవతలి జట్టు చొక్కా వేసుకుని, మన కోర్టులోకి కూతకొచ్చాడు కదా. అప్పుడు చిన్నాన్న ఏం చేశాడు? అరిచాడా, చేతులు కట్టుకుని కూర్చున్నాడా? మనవాళ్ళు పవన్‌ని పట్టుకున్నప్పుడు లేచి చప్పట్లు కొట్టగలిగాడా? ఆ మాట నువ్వు అడగలేదు.

ఈ ఆదివారం సాయంత్రం మేత వేసే వేళకి గట్టు మీదికి వెళ్ళు. వెళ్ళగానే అడక్కు. ఏరేటర్లు ఆపేదాకా ఆగి, అప్పుడు అడుగు.

ఇట్లు,
మీ మాస్టారు