కాంగో రెడ్ వేయకముందే పేరు పెట్టకు

బిడ్డా,

మహబూబ్‌నగర్‌లో కిడ్నీ బయాప్సీలు ఇక నీ చేతికే వస్తాయని ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. అమిలాయిడ్, అంటే తప్పుగా మడతపడి అవయవాల్లో పేరుకునే ప్రొటీన్, ఎక్కడ తప్పిపోతుందోనని టెన్షన్‌గా ఉందన్నావు. నా చేతిలో తప్పిపోయిన కేసు ఒకటుంది, ముందు అది విను.

మర్రిగూడ వైపు నుంచి వచ్చిందామె, యాభై ఏళ్లుంటాయి. కాళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ బాగా పోతోంది. కీళ్ల నొప్పులు ఏనాటివో. ఆ ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి నొప్పులన్నీ నీళ్ల ఖాతాలోనే వేశారు. నేను ఎప్పుడూ కోసే పల్చటి సెక్షన్లే చూశాను. గ్లోమెరులస్‌లు, అంటే కిడ్నీలో రక్తాన్ని వడగట్టే చిన్న ముద్దలు, దాదాపు మామూలుగానే ఉన్నాయనిపించి మినిమల్ చేంజ్ (స్టెరాయిడ్లకు లొంగే కిడ్నీ జబ్బు) అని రాసిచ్చాను. నాలుగు నెలలు స్టెరాయిడ్లు మింగింది, వాపు తగ్గలేదు. రెండోసారి వచ్చినప్పుడు కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే చూశాను. వేళ్లన్నీ చిటికెనవేలి వైపు వాలిపోయాయి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. రుమటాయిడ్ కీళ్లవాతం! పాత బ్లాక్ (మైనంలో దాచిన బయాప్సీ ముక్క) తీయించి, మందంగా కోయించి, అమిలాయిడ్‌ను పట్టించే కాంగో రెడ్ రంగు వేస్తే మెసాంజియంలో (గ్లోమెరులస్ మధ్య కణజాలంలో), రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ ఉంది. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే చెబుతున్నా. పెద్దవాళ్లలో ప్రొటీన్ పోతుంటే, గ్లోమెరులస్ ఎంత బాగున్నట్టు కనిపించినా కాంగో రెడ్ వేయించు. మామూలు సెక్షన్ రెండు మూడు మైక్రాన్లుంటుంది, దీనికి ఎనిమిది నుంచి పది కావాలి. మీ టెక్నీషియన్‌తో పక్కన కూర్చుని ఒకసారి కోయించు, తర్వాత అతనే చూసుకుంటాడు. అమిలాయిడ్ ఉందని తెలిసిన కంట్రోల్ స్లైడ్ ప్రతిసారీ పక్కన పెట్టు.

చూసేటప్పుడు గది చీకటి చేయి. లైటు పూర్తిగా పెంచు, వెలుగును ఒకే దిశలో వడగట్టే పోలరైజర్‌ను మెల్లగా తిప్పు. మామూలు వెలుతురులో ఇటుక రంగులో ఉన్నది పచ్చగా మెరవాలి. పుస్తకాలు యాపిల్ గ్రీన్ అంటాయి, నాకు మాత్రం వానాకాలం నారుమడి గుర్తొస్తుంది. కొల్లాజెన్ కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు తెల్లగా వెండిలా ఉంటుంది. మొదట్లో చాలామంది మోసపోయేది అక్కడే.

మీకు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉందన్నావు కదా, అదే కాంగో రెడ్ స్లైడ్‌ను ఎరుపు ఫిల్టర్ కింద పెట్టి చూడు. పోలరైజర్‌కు అందని చిన్న మచ్చ కూడా నిప్పులా వెలుగుతుంది. కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మి రిపోర్టు రాయకు, వెలిగిన చోటును మళ్లీ పోలరైజర్‌తో సరిచూసుకో.

పచ్చదనం కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలు. అది ఏ ప్రొటీన్‌తో అయిందో తేల్చకపోతే చికిత్స తప్పుదారి పడుతుంది. యాంటీబాడీ ముక్కలతో (కప్పా లేదా లాంబ్డా లైట్ చైన్లతో) అయిన ఏఎల్ రకమైతే వాటిని తయారుచేసే ఎముక మజ్జలోని కణాలకు కీమో ఇస్తారు. ఏళ్ల తరబడి ఉన్న ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చే ఏఏ రకమైతే వెనకున్న టీబీనో, రుమటాయిడ్‌నో అదుపు చేయాలి. మన జిల్లాల్లో పాత టీబీ ఎంతమందికుందో నీకు నేను చెప్పాలా? ప్రొటీన్లను వెలిగించి చూసే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో లాంబ్డా ఒక్కటే గట్టిగా వెలిగి కప్పా వెలగకపోతే ఏఎల్ అని అనుకోవచ్చు, కప్పా ఒక్కటే వెలిగే కేసులూ ఉంటాయి. రెండూ ఒకేలా మసగ్గా ఉంటే తొందరపడకు, ఏఏ స్టెయిన్ వేయించు. వయసు పైబడినవాళ్లలో కొందరి రక్తంలో మోనోక్లోనల్ ప్రొటీన్ (ఒకే రకం కణాలు చేసే యాంటీబాడీ) కొద్దిగా కనిపిస్తుంటుంది. రక్తంలో ఉంది కాబట్టి కిడ్నీలోనూ అదే అనుకుని ఏఏ మనిషికి కీమో ఎక్కించే ప్రమాదం ఉంది. మా రోజుల్లో పొటాషియం పర్మాంగనేట్ పోసి, రంగు పోతే ఏఏ అనేవాళ్లం. దాని మీద ఆధారపడలేమని తర్వాత తేలింది. ఇప్పుడు మీకు లేజర్‌తో ఆ మచ్చను కోసి, ఏ ప్రొటీనో తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపే దారి ఉంది. అనుమానం మిగిలితే పంపడానికి వెనకాడకు. ఖర్చు సంగతి ఇంటివాళ్లకు ముందే వివరంగా చెప్పు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అమిలాయిడ్ పోగులు ఎనిమిది నుంచి పన్నెండు నానోమీటర్ల మందంతో, కొమ్మలు లేకుండా చిందరవందరగా ఉంటాయి. పదహారు దాటి లావుగా కనిపిస్తే ఫైబ్రిల్లరీ గ్లోమెరులోనెఫ్రైటిస్ అనే వేరే కిడ్నీ జబ్బును గుర్తుచేసుకో. దానికి 2017 తర్వాత డీఎన్‌ఏజేబీ9 అనే మంచి గుర్తు దొరికింది.

ఇవన్నీ కుదరాలంటే సూది దించిన రోజే ముక్కను మూడుగా పంచాలి. ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం చిన్న ముక్క గ్లూటరాల్డిహైడ్‌లో. అన్నీ ఫార్మలిన్‌లో పడేస్తే తర్వాత నీ చేతులు కట్టేసినట్టే. బయాప్సీ చేసే డాక్టర్లతో ఈ వారమే మాట్లాడు. బ్లాక్‌ను కూడా చివరిదాకా కోయించకు, కొంత మిగిల్చు.

నువ్వు చెప్పిన ఆ అరవై ఏళ్లాయన స్లైడ్ గురించి ఫోన్‌లో నేనేమీ అనలేను. బతుకమ్మకు వచ్చేటప్పుడు తెచ్చుకో. నా పాత మైక్రోస్కోప్ పోలరైజర్లు ఇంకా బాగానే ఉన్నాయి. దేవుడి గది తలుపు వేస్తే చీకటి సరిపోతుంది.

నీ పెద్దమ్మ,
నల్గొండ