చెక్కతో రక్షణ పడవ నమూనా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

రిమోట్‌తో నడిచే రక్షణ పడవ నమూనాను కిట్ కొనకుండా, చెక్క కోయడం దగ్గర నుంచి సొంతంగా తయారు చేసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల సమాధానాలిస్తున్నాం.

ప్రశ్న: రక్షణ పడవల్లో మొదటిసారి చేసేవారికి ఏది అనుకూలం? ఎంత పొడవు ఉండాలి? వేగంగా దూసుకుపోయే పడవే కావాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

బ్రిటన్‌లో 1824లో ఏర్పడి, నేటికీ ప్రధానంగా విరాళాల మీదే నడుస్తున్న సముద్ర రక్షణ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ (రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్)కు చెందిన వాట్సన్ తరగతి పడవను ఎంచుకోమని నా సలహా. నౌకా రూపకర్త జార్జ్ లెనాక్స్ వాట్సన్ పేరు మీదుగా వచ్చిన ఈ తరగతిలో చివరి రకం 47 అడుగులది. అసలు పడవే చెక్కతో కట్టినది, వేగం 8, 9 నాట్లకు మించనిది కావడం వల్ల నమూనా కొంచెం బరువెక్కినా నడక చెడిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం సముద్రంలో కూలిన విమాన సిబ్బందిని కాపాడేందుకు వాడిన 63 అడుగుల లాంచీలు మీ అబ్బాయికి తప్పకుండా నచ్చుతాయి. వాటి అడుగు భాగం పదునైన అంచుతో ఉండడం వల్ల ప్లైవుడ్ పలకలతో కప్పడం తేలికే. కానీ ఆ పడవ నీటిపైకి లేచి పరుగెత్తాలంటే ప్రతి గ్రామునూ లెక్కపెట్టుకోవాలి, మొదటి పడవలో ఆ పొదుపు ఎవరికీ చేతకాదు. దాన్ని రెండో పడవగా చేద్దామని అబ్బాయికి నచ్చజెప్పండి.

కొలతకు 1:16 నిష్పత్తి చాలా సౌకర్యం. దాదాపు 14.3 మీటర్ల అసలు పొడవు 89 సెంటీమీటర్లకు, 13 అడుగుల వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లకు వస్తాయి. బరువు మాత్రం నిష్పత్తికి ఘనంగా తగ్గుతుంది కాబట్టి 16ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 4,096తో భాగించాలి. అసలు పడవను సుమారు 20 టన్నులుగా తీసుకుంటే, నమూనా సరైన నీటి గీత వరకు మునగడానికి మొత్తం 4.9 కిలోలు ఉండాలి. వేగం వర్గమూలం ప్రకారం తగ్గుతుంది. అంటే నాలుగో వంతుకు, సెకనుకు సుమారు ఒక మీటరుకు, వస్తుంది. గట్టున మీరు తీరిగ్గా నడిస్తే పడవ మీ పక్కనే వస్తుందన్నమాట. అంతకంటే వేగంగా నడిపితే ముందు అలలు పెద్దవిగా లేచి, ఎంత అందంగా చేసిన పడవైనా బొమ్మలా కనబడుతుంది. ఈ 4.9 కిలోల్లో పడవ తొట్టి, డెక్కు కలిపి మూడో వంతు దాటకుండా చూసుకుంటే మిగతాదంతా బ్యాటరీకి, మోటార్లకు, అడుగున పెట్టే సీసానికి మిగులుతుంది.

ప్రశ్న: బాల్సా చెక్క ఖరీదుగా ఉంది, దొరకడమూ కష్టంగా ఉంది. మన దగ్గర దొరికే కర్ర పనికిరాదా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

పనికొస్తుంది, అయితే ఒకే కర్ర అన్నిటికీ పనికిరాదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది కనుక ముక్కు దగ్గర గుండ్రంగా చెక్కవలసిన దిమ్మెలకు దానికి మించినది లేదు. వాట్సన్ పడవ రెండు ప్రొపెల్లర్లూ అడుగున తవ్వినట్లుండే సొరంగాల్లో తిరుగుతాయి. ఇసుక మేట తగిలినా రెక్కలు విరగకుండా చేసిన ఏర్పాటు అది. ఆ సొరంగాలను పట్టీలతో (పడవ పైతొడుగుకు పక్కపక్కన అతికించే సన్నని చెక్క బద్దలతో) అల్లడానికి ప్రయత్నించకుండా పొణికి దిమ్మెలో తొలిచి అమర్చడం మేలు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర లేతు మీద నున్నగా తిరుగుతుంది కాబట్టి డెక్కు మీద తాళ్లు కట్టే గుంజలకు, చిన్న చిన్న పీపాలకు బాగుంటుంది. టేకు బరువు, డెక్కుపై పలచని పట్టీలుగా తప్ప వాడవద్దు. పడవకు పక్కటెముకల్లా అడ్డంగా నిలిచే ఫ్రేములకు 4 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ కావాలి. ప్యాకింగ్ పెట్టెల ప్లైవుడ్ మాత్రం తడి తగిలిన మొదటి వారంలోనే పొరలు విడిపోతుంది. పొణికి నీటిని పీల్చుకుంటుంది కనుక లోపలా బయటా ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు పూత) పట్టించకుండా నీటిలో దించకూడదు.

ప్రశ్న: ఫ్రేములన్నీ కీల్‌కు (పడవ అడుగున పొడవునా ఉండే వెన్నుకర్రకు) నిటారుగానే అతికించాను. పట్టీలు వేయడం పూర్తయ్యేసరికి పడవ ఒక పక్కకు మెలితిరిగింది. కారణం ఏమిటి? సరిచేయవచ్చా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

మీరు ఉత్తరంలో కుడి పక్క మొత్తం ముగించి ఎడమ పక్క మొదలుపెట్టానని రాశారు. కారణం అదే. వంచి అతికించిన ప్రతి పట్టీ తిరిగి నిటారు కావడానికి లాగుతూనే ఉంటుంది. ఒక పక్క పదిహేను పట్టీలు లాగుతుంటే రెండో పక్క పట్టుకునేది ఏదీ లేనప్పుడు కీల్ వంగక ఏం చేస్తుంది? కుడివైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమవైపు దాని జోడీ వేయాలి. అంతేకాక, ఫ్రేములను బల్లపరుపుగా ఉన్న మందపాటి పలక మీద తలకిందులుగా మరలతో బిగించి, చివరి పట్టీ ఆరేదాకా వాటిని పలక నుంచి విప్పకూడదు.

పట్టీలు 8 మిల్లీమీటర్ల వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటే సరిపోతుంది. డెక్కు అంచున మొదటి జోడీ వేసి, తర్వాత కీల్ వైపు నుంచి పైకి రావాలి. పడవ చుట్టుకొలత మధ్యలో ఎక్కువ, కొసల్లో తక్కువ కాబట్టి పట్టీ అంతటా ఒకే వెడల్పు ఉంటే ముక్కు దగ్గర ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ప్రతి పట్టీని కొసల వైపు చిత్రికతో సన్నగా తీసుకోవాలి. కొసల దగ్గరి ఫ్రేముల అంచులను కూడా పట్టీ ఆనేంత మేర ఏటవాలుగా తీయాలి. అలా చేయకపోతే పట్టీ ఫ్రేము అంచు మొన మీద మాత్రమే నిలుస్తుంది. బయట నుంచి చూస్తే అతికినట్లే కనబడుతుంది, ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు మాత్రం వేలి కింద డొల్లగా కదులుతుంది. ముక్కు దగ్గర మెలిక ఎక్కువైన చోట పట్టీని కాసేపు వేడినీటిలో నానబెట్టి, క్లిప్పులతో ఆకారానికి బిగించి, పూర్తిగా ఆరిన తర్వాతే అతికించాలి.

మీ పడవ విషయానికొస్తే, మెలిక కొద్దిపాటిదైతే నీటిలో ఎవరికీ తెలియదు, చుక్కానిని ఒకింత సర్దుకుంటే తిన్నగానే వెళ్తుంది. ముక్కు నుంచి చూసినప్పుడు డెక్కు రెండు అంచులూ స్పష్టంగా ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం, కుడి పక్కన ఒకటి విడిచి ఒకటిగా పట్టీలు కోసి తీసి, పడవను మళ్లీ పలకకు బిగించి, కొత్తవి వేయండి. అసలు పడవలకు మహాగని పలకలను రెండు పొరలుగా, ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా వేసి, మధ్యలో గుడ్డ పరిచేవారు. ఆ పద్ధతిలో పొరలు ఒకదాని లాగుడును మరొకటి ఆపుతాయి. వెనీరుతో (పలచని చెక్క పొరతో) నమూనాలోనూ అలా చేయవచ్చు గానీ, ఆ పని మొదటి పడవకు వద్దు.

ప్రశ్న: రక్షణ పడవ బోల్తా పడినా తనంతట తానే లేస్తుందంటారు కదా. మా నమూనా అడుగున థర్మోకోల్ నింపాం, అయినా తిరగబడితే అలాగే ఉండిపోతోంది. (కాకినాడ నుంచి ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు)

థర్మోకోల్ పడవను మునగనివ్వదు, అంతే. లేపడం వేరే సంగతి. ఆ తేడా ఎంత ప్రాణాంతకమో 1969 మార్చి 17న స్కాట్లాండ్ ఉత్తరాన లాంగ్‌హోప్ కేంద్రానికి చెందిన టి.జి.బి. అనే రక్షణ పడవ విషయంలో తేలింది. పెంట్లండ్ జలసంధిలో తుపానులో బోల్తా పడిన ఆ 47 అడుగుల వాట్సన్ పడవ మునగలేదు. మర్నాడు తలకిందులుగా తేలుతూ కనిపించింది. ఎనిమిది మంది సిబ్బందీ చనిపోయారు. మరుసటి జనవరిలో ఫ్రేజర్‌బర్గ్ పడవ కూడా బోల్తా పడి ఐదుగురు మరణించడంతో, పాత వాట్సన్ పడవల్లో కొన్నిటికి వెనుక క్యాబిన్ మీద బోల్తా పడగానే ఉబ్బే గాలి సంచీ అమర్చారు.

పడవ లేవాలంటే తలకిందులైన స్థితిలో అది నిలకడగా ఉండకూడదు. బరువు వీలైనంత కింద ఉండాలి, డెక్కుకు పైన నీరు చొరబడని పెద్ద క్యాబిన్ ఉండాలి. బోల్తా పడినప్పుడు ఆ క్యాబిన్ నీటి కిందికి పోయి పైకి నెడుతుంది, బరువు కిందికి లాగుతుంది, పడవ నిలవలేక తిరిగిపోతుంది. మీ నమూనాలో క్యాబిన్ కింద సీలు లేనందున నీళ్లు లోపలికి చేరి ఆ నెట్టుడు పోతోందని నా అనుమానం. థర్మోకోల్‌ను అడుగు నుంచి తీసి క్యాబిన్ పైకప్పు కింద అతికించండి. ఖాళీ అయిన అడుగున బ్యాటరీని, సీసాన్ని కీల్ మీదే పరచండి. క్యాబిన్ కూర్చునే అంచు చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ వేయండి. వాట్సన్ క్యాబిన్ చిన్నది కాబట్టి ఇన్ని చేసినా లేవకపోవచ్చు. మీకు లేవడమే ముఖ్యమైతే 37 అడుగుల ఓక్లీ తరగతి వైపు చూడండి. అందులో అడుగు ట్యాంకులోని దాదాపు టన్నున్నర నీరు బోల్తా పడినప్పుడు ఒక పక్కనున్న మరో ట్యాంకులోకి జారి పడవను తిప్పేస్తుంది. నీటిని నమూనాలో అలా జార్చడం ఇంజనీరింగ్ విద్యార్థులకు తగిన చిక్కే. పరీక్షంతా సిమెంటు తొట్టిలో, రిసీవరు తీసేసి చేయండి.

ప్రశ్న: బ్యాటరీ, రేడియో ఏవి తీసుకోవాలి? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

నెమ్మదిగా తిరిగే బ్రష్డ్ మోటార్లు రెండు, 6 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలు. లిథియం తేలిక కాబట్టి ఆ తగ్గిన బరువుకు మళ్లీ సీసం కొని వేయవలసి వస్తుంది. రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది తీసుకోండి. ఆ తరంగాలు నీటిలో పోవు కనుక రిసీవరు యాంటెన్నా నీటి గీతకు పైనే, క్యాబిన్‌లో నిటారుగా ఉండాలి. సిగ్నలు తెగితే మోటార్లు ఆగిపోయేలా సెట్ చేసుకుంటే పడవ గాలివాటున ఏదో ఒక ఒడ్డుకు చేరుతుంది. ప్రొపెల్లర్ ఇరుసు గొట్టం లోపలి కొసను నీటి గీతకు పైన ఉండేలా పెట్టి, గొట్టం నిండా గ్రీజు దట్టించండి. చెక్క పడవల్లోకి నీరు ఎక్కువగా వచ్చేది పట్టీల సందుల్లోంచి కాదు, అక్కడి నుంచే.