మార్చి నీళ్ళని వేరే వరసలో రాయి

చిరంజీవి చిన్నాకి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి పదెకరాలు కౌలుకి మాట్లాడుకున్నావట. దాళ్వాకి, అదే రెండో పంటకి, ఏది ఎన్ని ఎకరాలు వెయ్యాలో కంప్యూటర్లో లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న షరతులు దాటకుండా లాభం ఎక్కువొచ్చే దారి వెతికే లెక్క) చేసి తేల్చావట. "అత్తకి చెప్పకు, క్లాసు పీకుతుంది" అని కూడా అన్నావట. ఆ లెక్కని పొలానికి వాడేవాడు మన ఇంట్లో ఇంకొకడు పుట్టాడని సంతోషం వేసింది. ఆ వెంటనే టెన్షన్ మొదలైంది, ఎందుకంటే మొదటివాడు మీ నాన్న. కాబట్టి క్లాసు పీకుతాను, విను.

పాత పదో తరగతి సిలబస్‌లో ఏటా నేను చెప్పిన పాఠమే ఇది. తేలిక సంగతులు ముందు అనేస్తాను. అసమీకరణాన్ని ఋణసంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుంది. ఎకరాలు సున్నా కన్నా తక్కువ ఉండవని కూడా రాయాలి, కంప్యూటరుకి ఆ మాత్రం ఇంగితం ఉండదు. గీత గీశాక ఏ పక్క మనదో తెలియకపోతే (0, 0) పెట్టి చూడు, గీత దాని మీదుగానే పోతే వేరే బిందువు పట్టుకో. లాభానికి అంతే లేదని సాల్వర్ (కంప్యూటర్లో ఈ లెక్క చేసే ప్రోగ్రాం) చెప్పిందంటే ఎగిరి గంతెయ్యకు, ఏదో షరతు రాయడం మర్చిపోయావన్నమాట. ఇవన్నీ నీకు వచ్చు.

నీ షీటులో ఏముందో చూడకుండానే చెప్పగలను. నోటికి అందే అంకెలు పెట్టుకుందాం, ఇవి నిజం ధరలు కావు. పదెకరాల్లో కొంత వరి, కొంత మినుము. ఎకరం వరికి నాలుగు కొలతల నీళ్ళు, మినుముకి ఒక కొలత. సీజను మొత్తానికి 28 కొలతలు దొరుకుతాయి. ఖర్చులు పోను ఎకరం వరికి 20 వేలు, మినుముకి 12 వేలు మిగులుతాయి. అంటే:

వరి + మినుము ≤ 10
4 × వరి + మినుము ≤ 28

గీస్తే నాలుగు మూలల బొమ్మ వస్తుంది. వరి ముందు, మినుము తర్వాత రాస్తే ఆ మూలలు (0, 0), (7, 0), (6, 4), (0, 10). ఇలాంటి బొమ్మలో గరిష్ఠ లాభం ఏదో ఒక మూలలో దొరికి తీరుతుంది గనక ఆ నాలుగూ చూస్తే చాలు: సున్నా, లక్షా 40 వేలు, లక్షా 68 వేలు, లక్షా 20 వేలు. ఆరెకరాల వరి, నాలుగెకరాల మినుము గెలిచింది. నీకూ ఇలాంటిదే ఏదో వచ్చి ఉంటుంది. చూడ్డానికి ఎంత బాగుందో కదా!

మీ నాన్నకీ ఇంత బాగానూ వచ్చింది. ఈ సంగతి వాడు నీకు చెప్పి ఉండడు, అందుకే నేను చెబుతున్నాను.

అప్పటికి నువ్వింకా పుట్టలేదు. తమ్ముడు బీఎస్సీ లెక్కలు చదివి ఇంటికొచ్చాడు. ఊళ్ళో అందరూ తాతల నాటి అలవాటు కొద్దీ సేద్యం చేస్తున్నారని, తాను లెక్క ప్రకారం చేసి చూపిస్తానని కాలువ శివారున, అంటే నీళ్ళు ఆఖరున చేరే చోట, పొలం తీసుకున్నాడు. శివారు కాబట్టి మక్తా, అదే కౌలు, తక్కువ. గ్రాఫు కాగితం మీద గీతలు ఎంత ముద్దుగా గీశాడంటే, నా పిల్లలకి చూపించడానికి దాన్ని స్కూలుకి కూడా పట్టుకెళ్ళాను. నాట్ల నుంచి కోత దాకా ఎన్ని నీళ్ళు వస్తాయో కనుక్కుని, ఆ మొత్తాన్ని ఒకే వరసలో రాసుకున్నాడు. గీతలో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. మూల సరిగ్గా పట్టాడు, వరి ఎక్కువ వేశాడు.

జనవరిలో బోదె (పొలానికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ) నిండా నీళ్ళు పారాయి. మడులు నిండి, మిగిలినవి మురుగు కాలువలోకి పోయాయి. వాడి లెక్కలో ఆ పోయిన నీళ్ళు కూడా ఉన్నాయి. మార్చి వచ్చేసరికి కాలువకి వంతులు పెట్టారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ మనకి నీళ్ళు పైనుంచి కిందికే రావాలి. పైవాళ్ళ మడులు తడిసి, మిగిలితే శివారుకి. దాళ్వాలో గోదారిలో పారేదే తక్కువ, పైన సీలేరు జలాశయాల నుంచి వదిలితే గానీ గడవదు. వరి సరిగ్గా పొట్ట మీద ఉన్నప్పుడు వాడి బోదెలో చుక్క లేదు. ఆయిలింజన్ అద్దెకి తెచ్చి మురుగు కాలువలోంచి తోడాడు. అది పౌర్ణమి పోటు. సముద్రం ఎగదన్ని ఆ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఆకుల కొనలు మాడిపోయాయి, వెన్నులు తెల్లగా బయటికొచ్చాయి, పట్టుకుంటే అంతా తాలు.

మక్తా బస్తాల్లో ఒప్పుకున్నాడు. పండని చేనుకి మక్తా కట్టడానికి మండపేట వెళ్ళి ధాన్యం కొనుక్కొచ్చి కొలిచాడు మీ నాన్న. అరుగుల మీద వాణ్ణి "గ్రాఫు మాస్టారు" అనేవాళ్ళు. నవ్వినవాళ్ళలో మన బంధువులూ ఉన్నారు, పేర్లు ఎందుకులే. వాడు ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టి "లెక్కలు పొలానికి పనికిరావక్కా" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. లెక్క వాడు అడిగిన దానికి సరిగ్గానే జవాబు చెప్పింది. జనవరి నీళ్ళు దాచి మార్చిలో వాడుకోవచ్చు అన్నట్టు అడిగింది వాడు. నీళ్ళేమైనా బ్యాంకులో డబ్బా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోడానికి?

అందుకని నీటి వరసని చీల్చు. మన అంకెల్లోనే చూడు. ఆ 28లో ఫిబ్రవరి దాకా 22 వస్తాయి, మార్చిలో శివారుకి చేరేవి 6 అనుకో. వరికి మార్చిలో ఎకరానికి 2 కొలతలు కావాలి. మినుము అప్పటికి ఇంటికొచ్చేస్తుంది, దానికి అక్కర్లేదు. అప్పుడు 2 × వరి ≤ 6, అంటే వరి మూడెకరాలు దాటకూడదు. కొత్త మూల (3, 7), లాభం లక్షా 44 వేలు. లక్షా 68 పోయిందని ఏడవకు, అది ఎప్పుడూ లేదు. కూలీలకీ ఇంతే. సీజను మొత్తం మీద మనుషులు ఉన్నారని రాస్తే సరిపోదు, నాట్ల వారంలో ఉన్నారా, కోతల వారంలో ఉన్నారా అన్నది విడివిడిగా రాయి.

ఇంజన్ అద్దెకి తేవాలా వద్దా అన్నదీ ఆ కొత్త వరసే చెబుతుంది. మార్చిలో ఒక కొలత అదనంగా దొరికితే అర ఎకరం మినుము తగ్గి అర ఎకరం వరి పెరుగుతుంది. పది వేలు వచ్చి ఆరు వేలు పోతాయి. అంటే ఆ కొలత విలువ 4 వేలు. అద్దె, డీజిలు, మనిషి కూలి కలిపి అంతకు మించితే ఇంజన్ వద్దు. ఫిబ్రవరి దాకా వచ్చే నీళ్ళు ఎలాగూ మిగులుతున్నాయి, కాబట్టి అక్కడ ఇంకో కొలత ఊరికే ఇచ్చినా దాని విలువ సున్నా. ఈ లెక్క నాట్లకి ముందు వేసుకోవాల్సింది. చేను ఎండాక ఇంజన్ కోసం పరిగెత్తేవాడికి ఏ ధరైనా తక్కువగానే కనిపిస్తుంది. ఇంకోటి, తోడబోయే నీళ్ళు ముందు నోట్లో వేసుకుని చూడు. ఉప్పగా ఉంటే అవి నీ లెక్కలో నీళ్ళు కావు.

షరతు మర్చిపోతే ఎంతటివాడికైనా ఇదే గతి. ఈ లెక్కలు చేసే సింప్లెక్స్ పద్ధతిని 1947లో కనిపెట్టిన డాంట్జిగ్ ఉన్నాడే, ఆయన ఒకసారి తన డైటింగుకి ఏం తినాలో కంప్యూటరునే అడిగాడు. బరువులోంచి నీటి శాతం తీసేస్తే మిగిలేదే కడుపు నింపుతుందని రాసుకున్నాడు. వెనిగర్ 500 గ్యాలన్లు తాగమంది! పట్టికలో వెనిగర్‌కి నీటి శాతం సున్నా అని ఉందట. దాన్ని తీసేస్తే, మాంసం రసంతో చేసే ఉప్పు బిళ్ళలు రోజుకి 200 తినమంది. ఉప్పు ఇంతకు మించకూడదని ఆయన రాయలేదు మరి. ఆయనకి నవ్వుకోవడంతో సరిపోయింది, మక్తా కట్టాల్సిన పని లేదు కదా.

మక్తా అంటే గుర్తొచ్చింది. దాన్ని పంటల ఖర్చులో కలిపి గజిబిజి చెయ్యకు. పదెకరాలకీ ఎలాగూ కట్టాల్సిందే గనక అన్ని మూలల్లోనూ ఒకేలా తగ్గుతుంది, ఏ మూల మంచిదన్నది మారదు. అసలు పొలం తీసుకోవాలా వద్దా అనే దగ్గరే దాని పని. (3, 7) లాభంలోంచి మక్తా తీసేసి, మిగిలింది చూసి మాట ఖాయం చేసుకో. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇచ్చి ఉంటే చెప్పు, తిట్టనులే.

(0, 0) కూడా మూలేరా. దాన్ని తీసిపారెయ్యకు. ఎకరానికి మిగిలేది మైనస్‌లోకి పోతే అదే అన్నిటికన్నా మంచి మూల. 2011లో కోనసీమ రైతులు సార్వాకి, అదే తొలకరి పంటకి, పంట విరామం ప్రకటించారు చూడు, గ్రాఫు గీయకుండానే ఆ మూల చేరారు. పెట్టుబడి రాని సేద్యం ఎందుకని.

ధరల గురించి ఒక్క మాట. నా అంకెల్లో మినుము మీద మిగిలేది వరిని దాటితే తప్ప (3, 7) మారదు, కాబట్టి ధర కాస్త అటూ ఇటూ ఊగినా పర్లేదు. నీ అంకెల్లో ఎంత ఊగితే మూల మారుతుందో చూసుకో. పల్లాకు తెగులు వచ్చి మినుము సగమే పండితే ఎంత మిగులుతుందో కూడా వేసి చూడు.

మినుము సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందే చేలో చల్లాలి, కాబట్టి తేల్చుకోవడానికి నీకు ఎక్కువ టైము లేదు. ఈలోగా కాలువ నీళ్ళు చూసుకునే లస్కరుని కలువు. నీ బోదె మీద నీకన్నా కింద ఉన్న రైతుల్ని కలిసి, పోయిన మార్చిలో నీళ్ళు ఎన్ని రోజులు అందాయో అడుగు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆ అంకె దొరకదు.

షీటు నాకు పంపు. మార్చి వరస లేకుండా పంపితే తెరవను. వచ్చే ఆదివారం భోజనానికి రా, పనసపొట్టు కూర చేస్తాను. మీ నాన్నని కూడా తీసుకురా. రానంటాడు. నీ నీళ్ళ లెక్కలో అత్తకి ఏదో అనుమానం ఉందట అని చెప్పు, వస్తాడు.

మీ అత్తయ్య