పొట్లంలో మిగిలిన మాత్రలు

ప్రశ్న: మేడం, మాది ఆదోని. మా ఆయన జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. పోయిన నెల జ్వరం, జలుబు, ఒళ్లు నొప్పులు వస్తే మందులంగడిలో జలుబుకు ఒక మాత్ర, నొప్పులకు ఒక మాత్ర కత్తిరించి పొట్లం కట్టిచ్చారు. మొదటిది మూడు పూటలా, రెండోది రెండు పూటలా వేసుకున్నాడు. జ్వరం దిగలేదని ఇంట్లో ఉన్న డోలో 650 కూడా రోజుకు నాలుగు వేసుకున్నాడు. నాలుగు రోజులకు తగ్గింది. పొట్లంలో మాత్రలు ఇంకా ఉన్నాయి. మా అత్తకు బీపీ, పాపకు ఐదేళ్లు. వాళ్లకు జలుబు చేస్తే అవే, పాపకు సగం విరిచి, ఇవ్వచ్చా?

జవాబు: వద్దమ్మా. మీ ఆయనకు ఏమీ కాలేదు, అది మన అదృష్టం. కానీ అలా ఇంకోసారి వేసుకోనివ్వొద్దు.

కర్నూలులో మందులంగడి నడుపుతూ ఇరవై ఏళ్లు దాటింది. మీ ఉత్తరం చదవగానే కాగితం తీసి లెక్క వేశాను. మామూలుగా అమ్మే జలుబు మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు ఉంటుంది. మూడు పూటలకు 1500. నొప్పులకని ఇచ్చే ఎసిక్లోఫెనాక్ మాత్రలో కూడా తరచుగా 325 పారాసెటమాల్ కలిపే ఉంటుంది. రెండు పూటలకు 650. డోలో అంటే మొత్తం పారాసెటమాలే. నాలుగుకు 2600. కూడితే 4750. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా రోజుకు 4000 దాటకూడదు. ఇంట్లో సొంతంగా వేసుకునేటప్పుడు 3000 లోపే ఆగమని నేను చెబుతాను. మద్యం తాగే అలవాటున్నా, మనిషి బక్కగా ఉన్నా ఇంకా తగ్గించాలి.

మూడు రంగుల్లో మూడు మాత్రలుంటే మూడు వేరు వేరు మందులనే అనుకుంటాం. లోపల మందు ఒకటే, దెబ్బ కాలేయానికి. అది చెడిపోతున్నా మొదటి రోజు పెద్దగా తెలియదు. వాంతి, నీరసం ఉంటే జ్వరం వల్లేననుకుంటాం. రెండు మూడు రోజులకు కళ్లు పచ్చబడతాయి. విరుగుడు మందు ఉంది, కానీ మాత్రలు ఎక్కువ వేసుకున్న ఎనిమిది గంటల లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువ వేసుకున్నామని అనుమానం వస్తే, ఒంట్లో బాగానే ఉన్నా ఆసుపత్రికి పోవాలి.

కత్తెర సంగతి కూడా చెప్పాలి. స్ట్రిప్పు నుంచి రెండు మాత్రలు కత్తిరిస్తే మందు పేరు ఒక ముక్కలో, ఎన్ని మిల్లీగ్రాములో, ఎప్పటిలోగా వాడాలో ఇంకో ముక్కలో పోతాయి. మీ చేతికి వచ్చేది మెరిసే రేకు మాత్రమే. ఏ మందో రాసివ్వమని గట్టిగా అడగండి. విసుక్కుంటే విసుక్కోనీండి.

ఇక మీ అత్త. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్ కలుపుతారు, అది బీపీని పెంచవచ్చు. వాటిలోనే తుమ్ములకు కలిపే క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది, పెద్దవాళ్లు రాత్రి లేచి తూలి పడతారు. నాకు అంతకంటే భయం నొప్పుల మాత్ర. మా నాయనకు బీపీ ఉండేది. నేను ఫార్మసీ చదివే రోజుల్లో, జ్వరంతోనే ఉల్లి చేనుకు పోయి, ఊళ్లో ఎవరో ఇచ్చిన డైక్లోఫెనాక్ నాలుగు రోజులు మింగాడు. అన్నం లేదు, నీళ్లు సరిగా తాగలేదు. అయిదో రోజు ఒంటేలు ఆగిపోయింది, కాళ్లు వాచాయి. మూత్రపిండాలు తేరుకోవడానికి నెల పట్టింది. బీపీ మాత్రలు వాడేవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ నొప్పుల మందులు అంత చేటు. పైగా డెంగీ తిరిగే వానాకాలంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేస్తే రక్తస్రావం అయ్యే ముప్పు ఎక్కువ. అత్తకు జ్వరమొస్తే ఒట్టి పారాసెటమాల్ 500, ఆరు గంటలకొకటి చాలు. ముక్కుకు ఆవిరి పట్టండి.

పాపకు సగం మాత్ర మాట అసలు వద్దు. పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పారాసెటమాల్ అయితే కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడం. సిరప్‌లో కూడా రెండు రకాలున్నాయి: 5 మిల్లీలీటర్లలో 120 ఉండేది, 250 ఉండేది. సీసా మారితే అదే మూతకు మందు రెట్టింపవుతుంది. వంటింటి చెంచాతో పోయకండి. జ్వరానికి, నొప్పులకు వాడే నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ కూడా వద్దు.

మూడు రోజులకు జ్వరం దిగకపోయినా, ఆయాసమొచ్చినా, పాప నీళ్లు తాగకుండా మగతగా పడుకున్నా ఏరియా ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ పొట్లం మాత్రం ఈరోజే పారేయండి, పాప చేతికి అందని చోట. అంగన్‌వాడీలో పాపను తూయించి, ఆ కిలోలు సిరప్ డబ్బా మీదే పెన్నుతో రాసిపెట్టండి. అర్ధరాత్రి జ్వరమొచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.